మామ బండికి పాటలపెట్టె బిగించిన వైనం

ఆ రోజుల్లో నేను నమ్మనివాటి జాబితా చాలా పొడుగ్గా ఉండేది. ముహూర్తం, వర్జ్యం, తుమ్ము, బల్లిపాటు, నిమ్మకాయ, బూడిద గుమ్మడికాయ, ఎదురొచ్చిన పిల్లి, అన్నీ అందులో ఉండేవి. (ఇప్పటికీ ఉన్నాయి. ఇది చదివి ఎవరూ ఆశపడనక్కరలేదు.) కానీ మనిషి తాను నమ్మనివాటిని రాసుకున్నంత శ్రద్ధగా నమ్మేవాటిని రాసుకోడు. రాసుకుని ఉంటే అచ్చులో ఉన్న ఇంగ్లీషు, నా పాలిటెక్నిక్ డిప్లొమా, నా గొంతు, ఈ మూడూ ఆ రెండో జాబితాలో మొదటి మూడు వరసల్లో ఉండేవి. వాటిని నేను నమ్మినంత గట్టిగా మా జిల్లాలో ఏ భక్తుడూ తన దేవుణ్ణి నమ్మి ఉండడు. భక్తుడికి కనీసం వానలు పడని ఏడాదైనా అనుమానం వస్తుంది.

తొంభైల చివరి మాట ఇది. అనంతపురంలో ఒక సైకిల్ షాపు మీది గదిలో ప్రతి ఆదివారం పదిమందిమి చేరి మూఢనమ్మకాల మీద వాదించేవాళ్ళం. వాదించడానికి అవతలి పక్షం ఎప్పుడూ వచ్చేది కాదు కాబట్టి ఎప్పుడూ మేమే గెలిచేవాళ్ళం. ‘ఎందుకు?’ అని అడగడం మా ఆయుధం. అడిగాక జవాబు పూర్తయ్యేదాకా ఆగాలన్న నియమం ఒకటి ఉండాలని మాలో ఎవరికీ తోచినట్టు గుర్తులేదు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది దాటింది, ఉద్యోగం రాలేదు. కాబట్టి దేశాన్ని సంస్కరించడానికి తీరిక దండిగా ఉండేది.

పామిడిలో మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఉండేవాడు. ఆయనకు కొంత మెట్టభూమి, ఒక కారు ఉండేవి. భూమిలో వేరుశెనగ వేస్తే నాలుగేళ్ళుగా విత్తనం కూడా తిరిగి రాలేదు. ఇల్లు నడిచేది కారు మీద. అది అంబాసిడర్‌కు తాత వరసయ్యే పాత ఇంగ్లీషు బండి. గనుల్లో పనిచేసి వెళ్ళిపోయిన ఒక దొర దగ్గర మామ వాళ్ళ నాయన కొన్నాడట. నల్లగా, గుండ్రంగా, ముందు దీపాలు రెండూ ఆశ్చర్యపోయినట్టు తెరుచుకుని ఉండేది. పెళ్ళి మెరవణులకు దాన్ని బాడుగకు ఇచ్చేవాడు మామ, తానే నడిపేవాడు. కుళాయి మూడు రోజులకొకసారి వచ్చే ఎండాకాలంలో కూడా ఆ బండిని తుడవడానికి ఇంట్లో ఒక బిందె విడిగా ఉండేది. అత్త దాన్ని ‘సవతి బిందె’ అనేది.

ఆ ఏడు పామిడిలోకి ఒక తెల్ల వ్యాను వచ్చింది. కొత్తది, లోపల స్టీరియో. దాంతో పెళ్ళివాళ్ళ నోటి వెంట కొత్త ప్రశ్న ఒకటి రావడం మొదలైంది. “ఏమన్నా, నీ బండిలో పాటలుండాయా?” అనేవాళ్ళు. “హారనుండాది” అనేవాడు మామ. వాళ్ళు నవ్వి, వ్యాను దగ్గరికి పోయేవాళ్ళు. మూడు లగ్గాలు ఇలాగే పోయాక పాతసామాన్ల వ్యాపారి ఒకడు వచ్చి, బండి చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని, తూకానికైతే తీసుకుంటానన్నాడు. వాడు పోయాక మామ టైరు మీది దుమ్ము తుడిచాడు.

అప్పుడే ధర్మవరం పట్టుచీరల వ్యాపారుల ఇంటి సంబంధం ఒకటి పామిడిలో కుదిరింది. పెళ్ళికొడుకు పెద్దనాయన ముందుగా వచ్చి ఏర్పాట్లు చూసుకుంటున్నాడు. మెడలో ఎప్పుడూ మడత నలగని పట్టు ఉత్తరీయం, నోట్లో ఎప్పుడూ వక్క. ఆయన మామ బండి వెనక సీట్లో కూర్చుని, తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి, “మావోడు దీంట్లో కూచుంటే రాజు మాదిరి ఉంటాడు. ఆ డబ్బా వ్యాన్లో కూచుంటే మందుల షాపోడి మాదిరి ఉంటాడు. కానీ పాటలుండల్లప్పా. ఆడోళ్ళు ఒప్పుకోరు” అన్నాడు. గురువారం సాయంత్రం మెరవణి. ఆ మెరవణిని ధర్మవరం వ్యాపారులందరూ చూస్తారు. బాగా జరిగితే ఆ సీజనంతా మామకు పని. జరగకపోతే పాతసామాన్లవాడు. మామ అనంతపురం వచ్చి నాతో ఈ సంగతంతా చెప్పి, “నువ్వు చదివింది ఇదే కదరా అల్లుడా?” అన్నాడు. ఔనన్నాను. ఆ క్షణంలో ఆయన రాకెట్టు ఎగరెయ్యమన్నా ఔననేవాణ్ణే.

బెంగళూరు పోయి స్టీరియో తెచ్చాను. సీడీలు ఆడేది, ముందు పలక ఊడదీసి జేబులో పెట్టుకునేది, నొక్కితే నీలం దీపాలు వెలిగేది. దాంతో పాటు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. బస్సులో వస్తూ ఆ పుస్తకాన్ని రెండుసార్లు పారాయణం చేశాను. (ఆ మాట ఇప్పుడు తెలిసే వాడుతున్నాను.) ఎర్ర తీగ కరెంటుకు, నల్ల తీగ బండి ఇనుప ఒంటికి కలపమని బొమ్మ వేసి మరీ ఉంది. ఎందుకంటే బండ్లలో బ్యాటరీ మైనస్‌ను ఒంటికి కట్టేసి ఉంచుతారు. బండి ఇనుమే ఒక తీగలా పనిచేస్తుంది. ఇది మాకు మొదటి ఏడాదే చెప్పారు. నేను పరీక్షలో రాశాను, మార్కులూ వేశారు. ఇంకేం కావాలి?

మంగళవారం పొద్దున మామ ఇంటి ముందు వీధిలో బండి నిలబెట్టి, ముందు మూత ఎత్తి పని మొదలుపెట్టాను. చూడ్డానికి వీధి వీధంతా చేరింది. మామ వెళ్ళి బ్యాటరీ తాతను పిలుచుకొచ్చాడు. బస్టాండు దగ్గర బ్యాటరీలకు చార్జింగు పెట్టే ముసలాయన ఆయన. చొక్కాకు యాసిడ్ పడి చిల్లులు, వేళ్ళ చివర్లు తెల్లగా పొలుసులు. ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. ఆయన వచ్చేసరికి నేను బండి లోపల ఒక వస్తువును కనిపెట్టి, కోర్టులో సాక్ష్యం దొరికిన వకీలులా దాని ముందు నిలబడి ఉన్నాను. బ్యాటరీ నుంచి బండి ఒంటికి బోల్టు వేసిన పట్టీకి ఒక ఎర్రగుడ్డ చుట్టి ఉంది. దానికి మూడు ముళ్ళు.

“తాతా, ఇదేంది?”

“గుడ్డ.”

“గుడ్డని కనపడతాంది. ఏంటికి కట్టినావని అడుగుతాండా.”

“మా ఉస్తాదు కట్టినాడు. పాతదయితే నేను మారుస్తాండా. దాన్ని తియ్యొద్దప్పా.”

“తీస్తే ఏమైతాది?”

“తెలీనోడు తీస్తే చెడతాడు. ఈ బండికి ఒళ్ళంతా...”

“ఒళ్ళంతా శక్తి ఉండాదా?” అన్నాను.

జనం పకపకా నవ్వారు. తాత “అది కాదప్పా, ఒళ్ళంతా...” అని మళ్ళీ ఎత్తుకోబోయాడు. కానీ నవ్వు విన్న ఉపన్యాసకుణ్ణి ఆపడం ఎవరితరం? ఉస్తాదు కట్టాడు కాబట్టి శిష్యుడు కట్టడం, తాత నమ్మాడు కాబట్టి మనవడు నమ్మడం, ఈ దేశం వెనకబడటం, ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. బంపరు మీద ఒక కాలు పెట్టి పది నిమిషాలు మాట్లాడాను. ఇనుముకు దిష్టి తగలదన్నాను. తగిలితే ముందు రైలింజనుకు తగలాలన్నాను. ఆఖర్న జేబులోంచి బ్లేడు తీసి మూడు ముళ్ళనూ కోసి, ఎర్రగుడ్డను పైకెత్తి అందరికీ చూపించి, వెనక్కి విసిరేశాను. అది పోయి ఎదుటింటి కంచె మీద పడింది. “వద్దురా నాయనా, మంచిది కాదు” అంటూ అత్త చెంపలేసుకుంది. మామ గుమ్మడికాయ ఒకటి తెచ్చి చంకలో పెట్టుకుని ఉన్నాడు, కొడదామా వద్దా అన్నట్టు. “కూర చెయ్యి మామా” అన్నాను. మళ్ళీ నవ్వులు. తాత మాత్రం నవ్వలేదు. “సరే, నీ ఇష్టం. నేనాడ కూచుంటా” అని ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని నావైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇక పని. డాష్‌బోర్డుకు కన్నం పెడతానంటే మామ తన పొట్టకు పెట్టమన్నట్టు చూశాడు కాబట్టి, కింద ఇనప పట్టీలు బిగించి, వాటి మీద స్టీరియోను మరలతో బిగించాను. స్పీకర్లు వెనక సీటు మీదుగా. తీగలు కలిపే ముందు మీటరుతో చూడాలి. ముల్లు ఉండే మల్టీమీటరు నాది, నల్ల కొనను బండి ఒంటికి, ఎర్ర కొనను కరెంటు తీగకు ఆనించాను. ముల్లు కుడికి తిరగాలి. అది ఎడమకు, సున్నా అవతలికి పోయి గోడకు తల కొట్టుకుంది. హేతువాది అన్నవాడు అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేనూ ఆలోచించాను. మీటరుకు తీగలు తిరగేసి గుచ్చి ఉంటానని నిర్ధారించి, కొనలు రెండూ చేతుల్లో మార్చి పట్టుకున్నాను. ముల్లు బుద్ధిగా కుడికి తిరిగి పన్నెండు చూపించింది. “పన్నెండు వోల్టులు!” అని ప్రకటించాను. జనం తలలూపారు.

ఎర్ర తీగ కరెంటుకు, నల్ల తీగ ఒంటికి, పుస్తకంలో ఉన్నట్టే కలిపి మీట నొక్కాను. టప్‌మని ఫ్యూజు పోయింది. ఫ్యూజు అంటే తెలుసు కదా, ఎక్కడో తప్పు జరిగితే తాను తెగి మిగతావాటిని కాపాడే సన్న తీగ. రెండోది వేశాను. అదీ పోయింది. బెంగళూరువాడు నాసిరకం ఫ్యూజులిచ్చాడని జనానికి వివరించాను. ఆ బండి దగ్గర ఆ పొద్దున సాక్ష్యాన్ని బట్టి మాట్లాడిన అసలైన హేతువాది ఆ ఫ్యూజు ఒక్కటే. ‘వద్దు’ అని రెండుసార్లు చెప్పి ప్రాణం విడిచింది. నేను దాని స్థానంలో ఎన్నటికీ తెగని గట్టి రాగి తీగ చుట్టాను. చదువు లేనివాడి మూఢనమ్మకం కంటే చదివినవాడి మూఢనమ్మకం చెడ్డది. దానికి పుస్తకంలో పేజీ నంబరు కూడా ఉంటుంది.

మళ్ళీ మీట నొక్కాను. పాట రాలేదు. నీలం దీపాలూ వెలగలేదు. ముందు ఒక వాసన వచ్చింది, కాలిన రబ్బరుది. తర్వాత డాష్‌బోర్డు కింద నుంచి పొగ, సన్నగా, ఎవరో లోపల బీడీ ముట్టించినట్టు. ఆ తర్వాత చుట్ట ముట్టించినట్టు. “మామా, మామా” అంటూ నేను పొగను చేత్తో ఊపుతూ ఉన్నాను. ఆ సమయంలో నాకు గుర్తొచ్చిన విజ్ఞానశాస్త్రం అంతే. టీకొట్టు బల్ల మీది ముసలాయన ఎప్పుడు లేచాడో, ఎప్పుడు రోడ్డు దాటాడో చూడలేదు. “దిగరా బయటికి!” అన్న కేక, బ్యాటరీ పట్టీని వట్టి చేత్తో పీకి పారేసిన చప్పుడు, రెండూ ఒకేసారి వినపడ్డాయి. పొగ ఆగింది. తాత కాలిన వేళ్ళను టీగ్లాసులోని నీళ్ళలో ముంచుకుంటూ మళ్ళీ పోయి బల్ల మీద కూర్చున్నాడు. బండిలో స్టీరియో చచ్చింది. దాంతో పాటు దీపాలకు, హారనుకు పోయే పాత తీగ కూడా కాలిపోయింది. హారను కూడా లేని బండి అయింది అది.

తీర్పు వెంటనే వెలువడింది. “గుడ్డ తీసినాడు, చూసినారా? పూట గూడా తిరగలా” అన్నది అత్త. “గుమ్మడికాయన్నా కొట్టనిచ్చింటే ఇంత కాకపోను” అన్నది పక్కింటావిడ. ఎదుటింటి కంచె మీది ఎర్రగుడ్డను చూడ్డానికి పక్కవీధి నుంచి జనం రావడం మొదలైంది. తాకడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు. మామ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసి, “బాధపడొద్దురా అల్లుడా. నీ చదువుదేం తప్పుండాది? గుడ్డ మహిమ అట్లాంటిది. దానికి ఎవురేం చేస్తారు?” అన్నాడు. బండి పోయిన మనిషి నన్ను ఓదారుస్తున్నాడు. సిగ్గుతో అక్కడ నిలబడలేక రోడ్డు దాటి తాత పక్కన కూర్చున్నాను. గుడ్డ ఎందుకని మళ్ళీ అడిగాను. ఈసారి జవాబు అయ్యేదాకా నోరు తెరవలేదు.

“చూడప్పా,” అన్నాడు తాత, “ఇప్పటి బండ్లకు ఒంటికి మైనస్సు కడతారు. ఆ కాలంలో తెల్లోళ్ళు కొన్ని బండ్లకు ఉల్టా కట్టినారు. ఈ బండికి ఒళ్ళంతా ప్లస్సు. దీపానికి, హారనుకు ఎట్లున్నా ఒగటే, పనిచేస్తాయి. అందుకే ఎవురికీ తెలీదు. మా ఉస్తాదుకు రాసేది రాదు, నాకూ రాదు. ప్లస్సుకు ఎర్ర రంగు. ఒంటికి కట్టిన పట్టీకి ఎర్రగుడ్డ సుట్టి పెడితే, పని తెలిసినోడు చూస్తానే ‘ఓహో ఇది ఉల్టా బండి’ అనుకుంటాడని. అంతే. దాంట్లో యా శక్తీ ల్యాదు.”

“మళ్ళ మూడు ముళ్ళేంటికి తాతా?”

“రెండేస్తే ఊడిపోతాది.”

నాకు ఒకేసారి రెండు అనిపించాయి. ఒకటి ఆనందం. గుడ్డలో మహిమ లేదు, హేతువే ఉంది, నేను చెప్పిందే నిజం! రెండోది, ఆ నిజాన్ని ఊళ్ళో నిరూపించాలంటే నేను గాడిదనని ముందు నిరూపించాలి. మహిమ అని ఒప్పుకుంటే నా డిప్లొమాకు మచ్చ లేదు. దేవుడి ముందు ఇంజనీరైనా ఓడిపోతాడు, అందులో అవమానం లేదు. మూఢనమ్మకం చదువుకున్నవాళ్ళకు ఎంత సుఖంగా ఉంటుందో ఆ మధ్యాహ్నం తెలిసింది నాకు. ఇంటికి పోయి, అత్త పెట్టిన అన్నం తిని, గుమ్మడికాయ కూర బాగుందని చెప్పి, నోరు మూసుకుని పడుకున్నాను. మహిమను ఖండించలేదు. ఒప్పుకోనూ లేదు. సభల్లో ఇట్లాంటివాళ్ళను మేము తటస్థులు అని తిట్టేవాళ్ళం.

పొద్దు వాలేటప్పటికి పెళ్ళికొడుకు పెద్దనాయన వచ్చాడు. వార్త ఆయనకు అందింది, పెళ్ళింట్లో ఆడవాళ్ళకు ఇంకా పెద్దదై అందింది. “ఏమప్పా, తాయెత్తు తెంచితే బండి మండిందంట కదా,” అన్నాడు మామతో, నిలబడే. “పెండ్లి బండి అది. అపశకునం జరిగినాక దాంట్లో మా పిల్లోణ్ణి ఎట్ల కూచోబెడతాం? తప్పుగా అనుకోవద్దు. వ్యాను మాట్లాడుకుంటాం.” మామ “సరేనన్నా” అన్నాడు. బతిమాలడం ఆయనకు రాదు. వీధిలో మూత తెరుచుకుని నిలబడ్డ బండివైపు ఒకసారి చూసి, నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. నేను అరుగు దిగాను. టీకొట్టు దగ్గరున్న తాత కూడా లేచి వచ్చాడు.

“పెద్దాయనా, ఆ గుడ్డ తాయెత్తు కాదు. గుర్తు. తీగలు తప్పు కలిపింది నేను” అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను: ఒంటికి ప్లస్సుండటం, మీటరు ముల్లు, ఫ్యూజులు, రాగి తీగ. ఆయన ఒక్కో సంగతి దగ్గరా ఆపి, చీర అంచు పరీక్షించినట్టు పరీక్షించాడు.

“నువ్వు ఇంజనీరంట కదా?”

“డిప్లొమా.”

“ముల్లు ఉల్టా తిరిగిందంటాండావు. మళ్ళ?”

“ముల్లుదే తప్పనుకుంటి.”

“ఫ్యూజు రెండుమార్లు పోయిందంటాండావు.”

“ఫ్యూజుదే తప్పనుకుంటి.”

“ఈ ముసలాయప్ప చెప్పలేదా?”

“చెప్పబోయినాడు. నేను ఉపన్యాసం ఇస్తాంటి.”

ఆయన వక్క పక్కకు ఊసి, బండి దగ్గరికి పోయి, “ఒళ్ళంతా ప్లస్సంటే ముట్టుకుంటే షాకు కొడతాదా?” అని తాతను అడిగాడు. కొట్టదన్నాక ఒక వేలితో తాకి చూశాడు. కొట్టలేదు. ఇంకా కొంచెంసేపు నన్నూ బండినీ మార్చి మార్చి చూసి ఒక నిర్ణయానికి వచ్చాడు.

“అంటే అపశకునం బండిది కాదు. నీది.”

“శకునాలనేవి ల్యావు పెద్దాయనా. అది వట్టి...”

మామ నా కాలు తొక్కాడు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన నన్ను ఎప్పుడూ అంత గట్టిగా తాకలేదు.

“...నాదే” అన్నాను.

“అట్లయితే బండికేం? మంచి బండి. గురువారం రానీ,” అన్నాడు పెద్దనాయన. “ఒగటే మాట. ఈ పిల్లోడు మాత్రం దానికి ఎదురు రాకూడదు.”

బుధవారమంతా తాత, నేను పనిచేశాం. స్టీరియో విప్పి చూస్తే, దారి తప్పిన కరెంటుకు అడ్డంపడి తాను మాడి మిగతావాటిని కాపాడిన డయోడు ఒకటి బొగ్గై కనిపించింది. మాడింది అదొక్కటే. రేడియో రిపేరు షాపులో పాతది ఒకటి అడిగి తెచ్చి అతికించాను. నా డిప్లొమా ఆ బండికి చేసిన మేలు ఆ ఒక్క టంకమే. దీపాలకూ హారనుకూ తాత కొత్త తీగ లాగాడు. బండి ప్లస్సుతో స్టీరియోకు సంబంధమే లేకుండా డిక్కీలో వేరే బ్యాటరీ పెట్టాం. స్టీరియోను చెక్కపలక మీద కూర్చోబెట్టి, చుట్టూ సైకిలు ట్యూబు రబ్బరు చుట్టి, బండి ఇనుము ఎక్కడా తగలకుండా, పీటల మీద పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినంత జాగ్రత్తగా అమర్చాం. “నోరు మూసుకుంటే నీకు చెయ్యి బాగానే పనిచేస్తాదప్పా” అన్నాడు తాత. నా జన్మలో నాకొచ్చిన ప్రశంసాపత్రాల్లో దాన్ని ఇప్పటికీ పైనే పెడతాను. కొత్త ఎర్రగుడ్డ మాత్రం ఆయనే తెచ్చి ఇచ్చాడు, నన్నే కట్టమన్నాడు. మూడు ముళ్ళూ వేశాను.

గురువారం మెరవణిని నేను మూడు వందల అడుగులు వెనక నడుస్తూ చూశాను. సన్నాయి సీడీతో మొదలై, ఆడవాళ్ళు అడిగిన పాటలతో సాగి, ఊరంతా తిరిగింది బండి. నీలం దీపాల వెలుగు పెళ్ళికొడుకు గడ్డం మీద పడుతుంటే నిజంగానే చిన్నపాటి రాజులా ఉన్నాడు. పెద్దనాయన అప్పుడప్పుడు వెనక్కి తిరిగి నేను ఎక్కడున్నానో చూసుకుంటున్నాడు.

అది మొదలు మామకు తీరిక లేదు. ధర్మవరం నుంచి, కంబదూరు నుంచి కూడా అడిగేవాళ్ళు. అడిగే ప్రతివాళ్ళూ “పాటలుండాయా?” అన్నాక ఇంకో మాట కూడా అడిగేవాళ్ళు: “ఆ పిల్లోడు ఎదురు రాడు కదా?” వక్క నమిలే ఒక మనిషి వేసిన షరతు రెండు లగ్గాల్లో శాస్త్రమైపోయింది. నేను పామిడిలో ఉన్న రోజుల్లో బండి కదిలే ముందు మామ రెండుసార్లు హారను కొట్టేవాడు. అత్త వంటింట్లోంచి “అబ్బీ, బండి బయలెళ్తాండాది, లోపలికి పో” అని కేకేసేది. శకునాలు లేవని ప్రతి ఆదివారం వాదించిన నేను స్వయంగా ఒక శకునమై, మాట్లాడకుండా లేచి లోపలికి పోయేవాణ్ణి. ఒకసారి మాత్రం ప్రయోగం చేశాను. కంబదూరు లగ్గానికి బయల్దేరిన బండికి సందు మలుపులో కావాలనే ఎదురుపోయి నిలబడ్డాను. ఆ పెళ్ళి దివ్యంగా జరిగింది, టైరు కూడా పంచరు కాలేదు. తిరిగొచ్చాక మామకు సాక్ష్యంతో సహా నివేదించాను. “తెలుసులేరా, నేనూ చూసినా,” అన్నాడు మామ. “ఎవురికీ చెప్పొద్దు. బాడుగ పోతాది.”

అయిదేళ్ళ తర్వాత నాకు పెళ్ళైంది. రిజిస్ట్రారు ఆఫీసులో, పురోహితుడు లేకుండా, పంచాంగంలో వెతికి మరీ రాహుకాలంలో పెట్టుకున్న పెళ్ళి. అనంతపురంలో మా గదికి మామ బండి తెచ్చాడు, ఎవరూ అడగకుండానే. నల్ల ఒంటి మీద మన ముఖం కనపడేలా తుడిచాడు. ఎన్ని బిందెలు పట్టాయో అత్తకు తెలియాలి. పెళ్ళికూతురు, వాళ్ళ అమ్మ అప్పటికే వెనక సీట్లో ఉన్నారు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి బండి సరిగ్గా నాకు ఎదురుగా, దీపాలు రెండూ తెరుచుకుని నన్నే చూస్తూ నిలబడి ఉంది. స్టీరింగు వెనక మామ. పెళ్ళినాడు అల్లుడితో ఎదురు రావద్దని ఎట్లా అంటాడు? చెయ్యి మాత్రం స్టీరింగు మీంచి కొంచెం లేచి, ఆ గోడవారగా అన్నట్టు ఒకసారి కదిలి, తప్పు చేసినట్టు మళ్ళీ కిందికి దిగిపోయింది. నేను గోడ పక్కకు తిరిగాను. అటు దారి లేదు, మురుగు కాలవే ఉంది. దాంట్లోంచే నడిచి, బండి వెనక చుట్టూ తిరిగి వచ్చి, అవతలి తలుపు తీసి ఎక్కాను. మామ ముఖం విప్పారింది. పాట పెట్టాడు.

ఆ సీట్లో కూర్చున్న ఇరవై ఏడేళ్ళవాణ్ణి ఇప్పుడు తలచుకుంటే తిట్టబుద్ధి కాదు. కాలవ నీళ్ళకు కొత్త బూట్లు చపచపమంటున్నాయి. ముఖం మాత్రం అప్పుడే రాహుకాలాన్ని ఓడించి వచ్చినవాడి ముఖం.